రాక్షసి బొగ్గు, రాక్షసి బల్లి: రెండు చోట్లా ఉన్నది ఒకే రాక్షసేనా?

ప్రశ్న: గోదావరి లోయ గనుల్లో దొరికేది రాక్షసి బొగ్గు. అదే లోయలో ఎముకలు దొరికిన డైనోసార్ రాక్షసి బల్లి. ఆ బల్లులు చచ్చి మట్టిలో కలిసి బొగ్గయ్యాయి కాబట్టే దానికి ఆ పేరొచ్చిందని ఒక వీడియోలో చెప్పారు. నిజమేనా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: కాదండీ. పేరు కలిసింది గాని చుట్టరికం లేదు. బల్లికి తగిలించిన రాక్షసి అనువాదంలో వచ్చింది. డైనోసార్ అనేది 1842లో రిచర్డ్ ఓవెన్ గ్రీకు మాటలతో కట్టిన పేరు. భయంకరమైన బల్లి అని దానర్థం. మనవాళ్లు రాక్షసి బల్లి అనుకున్నారు, చక్కగా కుదిరింది.

బొగ్గుకి ఉన్న రాక్షసి మన సొంత వాడుక. మనిషి వల్ల అయ్యే పని కాదనిపిస్తే రాక్షసులకి అంటగట్టడం మనకి అలవాటే. పెద్ద బండలతో పేర్చిన పాతకాలపు సమాధుల్ని రాక్షసగుళ్లు అన్నాం కదా. బొగ్గంటే కట్టె కాల్చి చేసేది. ఎవరూ కాల్చకుండానే నేలలో పొరలుగా కనిపించిన బొగ్గుని రాక్షసి బొగ్గు అని ఉంటారని నా ఊహ. నేలబొగ్గు అనే మాట కూడా ఉంది, కానీ అందులో ఆ పస లేదు.

ఇక వీడియో సంగతి. సింగరేణి బొగ్గు ఉన్నది బరాకర్ అనే రాతి పొరల్లో. బరాకర్ అంటే జార్ఖండ్, బెంగాల్ వైపు పారే ఏరు. ఆ పొరల్ని ముందు అక్కడ గుర్తించారు కాబట్టి ఆ పేరు. వాటి వయసు సుమారు 28 కోట్ల ఏళ్లు. అప్పటికి భూమ్మీద డైనోసార్ జాతే లేదు, అవి పుట్టడానికి ఇంకా 5 కోట్ల ఏళ్లు పట్టింది. బొగ్గయింది చెట్లు. ముఖ్యంగా గ్లోసోప్టెరిస్, నాలుక ఆకారపు ఆకులున్న చెట్టు. బొగ్గు పొరల మధ్య పలకల్లా విడిపోయే నల్లరాతిలో ఆ ఆకుల అచ్చులు ఈనెలతో సహా కనిపిస్తాయి.

నది వరదల్లో ఇసుక మేట వేస్తుంది. దారి మార్చుకున్నాక పక్కన చిత్తడి మిగులుతుంది. అందులో పడిన చెట్లకి గాలి తగలదు కాబట్టి పూర్తిగా కుళ్లవు, మందంగా పేరుకుంటాయి. నది మళ్లీ ఇటు తిరిగి పైన ఇసుక కప్పేస్తుంది. ఇది పదే పదే జరిగింది కాబట్టే ఒకే గనిలో ఒకదాని కింద ఒకటి ఇన్ని సీములు, అంటే బొగ్గు పొరలు. 1871లో ఇల్లందు దగ్గర బొగ్గుని కనిపెట్టిన భూగర్భ శాస్త్రవేత్త డాక్టర్ కింగ్ పేరు మీద ఒకదాన్ని కింగ్ సీమ్ అంటారు.

ఇంకొకరు: నది అని అంత గట్టిగా ఎలా చెప్తారు మాస్టారూ? సముద్రం ఎందుకు కాకూడదు?

జవాబు: ఇసుకరాయిని నిలువునా కోసి చూస్తే ఏటవాలు గీతలుంటాయి. ఎక్కువ భాగం ఒకే దిక్కుకి వాలి ఉంటే నీరు ఒకే వైపు పారినట్టు. పైగా ప్రతి వరసలోనూ అడుగున ముతక ఇసుక, పైకి వెళ్లేకొద్దీ సన్నం, ఆపైన బొగ్గు. ప్రవాహం జోరు తగ్గుతూ వచ్చిన నది వరస అది.

మొదట అడిగినవారు: మరి మన రాక్షసి బల్లి ఏ పొరలోది? దాని పేరు కోటసారస్ అంటారు కదా, ఏదైనా కోట దగ్గర దొరికిందా?

జవాబు: దుర్గం కాదండీ, ఊరి పేరు. కోట అనేది ప్రాణహిత ఒడ్డున, మహారాష్ట్రలోని సిరోంచ దగ్గర ఉంది. బరాకర్ కన్నా చాలా పైనున్న పొరలకి ఆ ఊరి పేరు పెట్టారు. అవీ నీటి కింద పేరుకున్నవే, కానీ బరాకర్ తర్వాత సుమారు 10 కోట్ల ఏళ్లకి. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలకి 1988లో శాస్త్రవేత్త యాదగిరి గారు కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. అదే పొరల్లో దొరికిన మరో డైనోసార్ బరపాసారస్ పేరులో ఉన్నది బెంగాలీ: బర పా, అంటే పెద్ద కాలు. తొడ ఎముకే సుమారు 1.7 మీటర్లు మరి. ఠాగూర్ శతజయంతి ఏడాది 1961లో తవ్వారని దాని రెండో పేరు టాగోరి.