ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ తిరుపతి ఎస్వీయూలోనా, చెన్నై పోయి డేటా సైన్సా?

పుత్తూరు_అన్న: మా చెల్లెలు బీఎస్సీ ఎంఎస్‌సీఎస్ (లెక్కలు, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్) ముగించింది. పీజీసెట్ ర్యాంకు చూస్తే ఎస్వీయూలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ వచ్చేలా ఉంది. చెన్నైలో డేటా సైన్స్ మేలని కొందరంటా ఉండారు. తెలిసినోళ్లు చెప్పండి.

బెంగళూరు_బస్సు: చెన్నైకే పంపన్నా. నేనూ చిత్తూరు జిల్లాలోనే ఒక కాలేజీలో పీజీ చేసినా. క్యాలిక్యులేటర్ పట్టుకుని రికార్డులో అనోవా (గుంపుల సగటుల మధ్య తేడా తేల్చే లెక్క) టేబుళ్లు గీసిందే గీసింది. కంప్యూటర్ ల్యాబ్‌కు తాళం. తాళంచెవి సారు దగ్గర, సారు సెలవులో. ఇంటర్వ్యూలో ఆర్‌లో, అదే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో, చేసి చూపించమంటే నీళ్లు నమిలినా.

శనగచేను: తాళానికీ సబ్జెక్టుకూ ఏం సంబంధం స్వామీ? నేను ఎమ్మెస్సీ చేసి వేరుశనగ ప్రయోగాల లెక్కలు చూస్తా ఉండా. మొన్న డేటా సైన్స్ సర్టిఫికెట్ ఉన్న పిల్లోడొకడు నాలుగు రకాలు, ఐదు బ్లాకులు (ఒక్కో బ్లాకులో ఒక్కో రకానికి ఒక మడి), మొత్తం 20 మడుల ప్రయోగాన్ని ఆర్‌లో వేసి తెచ్చినాడు. రకాలకు 1, 2, 3, 4 అని కోడ్ ఇచ్చి, అవి ఫ్యాక్టర్ (అంటే ఉత్త పేర్లే, కొలతలు కావు) అని చెప్పలేదు. ఆర్ వాటిని మామూలు అంకెలనుకుని గీత గీసేసింది. రకాలకు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (రకాల సంఖ్యలో ఒకటి తక్కువ) 3 రావాల్సిన చోట 1, ఎర్రర్‌కు 12 బదులు 14. వాడు పీ విలువ (తేడా యాదృచ్ఛికమా కాదా అని తేల్చుకోను చూసే అంకె) చూసి మురిసిపోతా ఉండాడు! చేత్తో టేబుల్ గీసినోడికి ఆ 1 కంట్లో నలుసు మాదిరి గుచ్చుకుంటాది.

బెంగళూరు_బస్సు: ఒక్క ఫ్యాక్టర్ కోసం రెండేళ్లా? అది ఒక పూట పని.

మదనపల్లె_టమాటా: ఐఎస్ఎస్ (ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్) పరీక్ష రాయాలంటే ఎమ్మెస్సీ ఉండాల్సిందే కదా?

అలిపిరి_మెట్లు: అక్కర్లేదు. డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉంటే చాలు. కానీ స్టాటిస్టిక్స్‌లో మూడో పేపరు, నాలుగో పేపరు బిట్లు కావు, వివరంగా రాయాలి. డిగ్రీ చదువుతో నెగ్గుకురావడం కష్టం.

బెంగళూరు_బస్సు: చూడండి, దానికీ ఎమ్మెస్సీ అక్కర్లేదంట!

శనగచేను: కింది రెండు వాక్యాలు కనబడలేదా? స్టాటిస్టిక్స్‌లో ప్రపంచమంతా పేరున్న సీఆర్ రావు అంతటాయన ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల ఎంఏ చేసి, మళ్లీ కలకత్తాలో స్టాటిస్టిక్స్ ఎంఏ చేసినాడు, 1943లో. పునాది అంటే అదీ.

బెంగళూరు_బస్సు: అదిగో, ఆయనా ఊరు వదిలే పోయినాడు కదా!

శనగచేను: ఇప్పుడు బయటపడింది నీ కడుపులో మాట. ఊళ్లో ఉన్నోడు చేతకానోడు, అంతేనా? మా అమ్మకు వారానికి రెండుసార్లు డయాలసిస్. పిలిచిన ఉద్యోగం వద్దనుకుని ఇక్కడే ఉండా. దానికి నీ అనుమతి తీసుకోవాల్నా?

బెంగళూరు_బస్సు: నిన్ను ఎవరన్నారు? నాకు హైదరాబాద్‌లో సీటొస్తే మా నాయన పంపలేదు. ఆ కాలేజీలో చేరింది అందుకే. ఇంకో పిల్లకు అట్లా కాకూడదని మొత్తుకుంటా ఉండా.

పుత్తూరు_అన్న: అన్నా, కొట్లాడుకోవద్దండి. మా ఇంట్లోనూ అదే రచ్చ. చెన్నై అంటే నాయన ససేమిరా అంటాడు. చెల్లెలేమో ఎవురికీ చెప్పకుండా అక్కడికి అప్లికేషన్ పెట్టేసింది. ఇప్పుడు ఫీజు నన్ను కట్టమంటా ఉంది.

అలిపిరి_మెట్లు: ఎంత?

శనగచేను: ఫీజు తర్వాత. ఆ కోర్సులో శాంప్లింగ్ (నమూనా తీసే పద్ధతి), డిజైన్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంట్స్ (ప్రయోగం వేసే పద్ధతి) ఉండాయా లేవా, సిలబస్ పెట్టు.

బెంగళూరు_బస్సు: మొదలుపెట్టినాడయ్యా మళ్లీ.