జుజు వాట్కిన్స్‌కి ఇంకా ఎన్నేళ్లు మిగిలాయి?

శ్రీలత_ఎల్ఏ · అక్టోబరు 4, 2025, రాత్రి 9:12

యూఎస్‌సీ (యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా) అమ్మాయిల బాస్కెట్‌బాల్ స్టార్ జుజు వాట్కిన్స్ సెప్టెంబరు 28న చెప్పేసింది, 2025–26 సీజన్ అసలు ఆడనని. మార్చి 24న గేలెన్ సెంటర్‌లో మిసిసిపీ స్టేట్‌తో మ్యాచ్‌కి నేనూ వెళ్లాను. మొదటి క్వార్టర్లోనే కుడి మోకాలు పట్టుకుని పడిపోయింది. ఏసీఎల్, మోకాల్లో ఉండే లిగమెంట్, తెగింది. యూఎస్‌సీ 96–59తో గెలిచిందని నాకు ఇంటికొచ్చి ఫోన్ చూసుకుంటే గానీ ఎక్కలేదు. తర్వాత వారం యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ) చేతిలో 78–64తో ఓడి ఇంటికొచ్చేశారు.

మా రూమ్మేట్ ఆమెకి కాలేజీలో ఆడటానికి ఇంక ఒక్క ఏడాదే మిగిలిందంటుంది. నేను రెండంటాను. మిరియాల చారు మీద పందెం. తెలిసినవాళ్లు తేల్చండి. ఇంకోటి, 2027లో డబ్ల్యూఎన్‌బీఏకి (అమ్మాయిల ప్రొఫెషనల్ లీగ్) వెళ్లిపోవాలా, 2028 దాకా కాలేజీలోనే ఉండాలా? మీరైతే ఏం చేస్తారు?

స్కోర్‌బోర్డు_శాస్త్రి · 9:40

చారు మీరే గెలిచారు. రెండు.

కాలేజీ ఆటలు నడిపే ఎన్‌సీఏఏ సంస్థ పై శ్రేణి, డివిజన్ వన్‌లో ఐదేళ్ల గడువు ఉంటుంది, ఆ ఐదేళ్లలో నాలుగు సీజన్లు ఆడొచ్చు. కాలేజీలో చేరిన రోజు నుంచి గడువు నడుస్తూనే ఉంటుంది, మోకాలు విరిగిందని ఆగదు. ఈమె 2023లో చేరింది. 2023–24 ఒకటి (ఆ ఏడాది 920 పాయింట్లు కొట్టింది, మొదటి ఏడాది పిల్లల్లో అది డివిజన్ వన్ రికార్డు), 2024–25 రెండు. దెబ్బ సీజన్ చివర్లో తగిలింది కాబట్టి ఆ సీజన్ ఖాతాలో పడిపోయింది. 2025–26లో ఒక్క నిమిషం కూడా ఆడకపోతే సీజన్ ఖర్చవదు, గడువులో మాత్రం ఒక ఏడాది కరుగుతుంది. మిగిలేవి 2026–27, 2027–28.

ఇలా ఆడకుండా సీజన్ మిగుల్చుకోవడాన్ని 'రెడ్‌షర్ట్' అంటారు. అందరూ ఈమెది 'మెడికల్ రెడ్‌షర్ట్' అంటున్నారు. తప్పు. సీజన్ మొదలుపెట్టి, మొదటి సగంలోనే దెబ్బ తగిలి, 30 శాతం మ్యాచ్‌లకు మించి ఆడనివాళ్లు పెట్టుకునే దరఖాస్తు వేరు. యూకాన్‌లో అజీ ఫడ్ 2023–24లో రెండు మ్యాచ్‌లు ఆడి ఏసీఎల్ తెంపుకుంది చూడండి, ఆ బాపతు. జుజుకి దరఖాస్తే అక్కర్లేదు.

ఓరుగల్లు_పోరడు · 9:44

నాలుగు మ్యాచులు ఆడినా రెడ్‌షర్ట్ పోదు కదా అన్నా? ఫిబ్రవరిలో దింపితే అయిపాయె.

స్కోర్‌బోర్డు_శాస్త్రి · 9:47

అది అమెరికన్ ఫుట్‌బాల్ తమ్ముడూ. 2018లో వచ్చిన నిబంధన, ఫుట్‌బాల్‌కే. బాస్కెట్‌బాల్‌లో మామూలుగా ఒక్క నిమిషం దిగినా సీజన్ పోయినట్టే.

గోదారి_గాలి · 10:02

ఎర్రచొక్కా అంటే నాకు రాజమండ్రి స్టేషన్లో కూలీలే గుర్తొస్తారు. వాళ్లకి ఏ సీజనూ సెలవు లేదు.

బే_ఏరియా_బాలు · 10:15

2027లో వెళ్లడం శుద్ధ దండగ. 2025 డబ్ల్యూఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్తవాళ్లని ఎంచుకునే చోట, నంబర్ వన్‌కి మొదటి ఏడాది జీతం 78,831 డాలర్లు. మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లాడికే అంతకన్నా ఎక్కువ ఇస్తున్నాం. ఇటు 2025 జూన్‌లో కోర్టు సెటిల్‌మెంట్ అయ్యాక ఒక్కో కాలేజీ 2025–26లో 20.5 మిలియన్ డాలర్ల దాకా ఆటగాళ్లకి పంచొచ్చు. అందులో సింహభాగం ఫుట్‌బాల్‌కే పోయినా, ప్రకటనల డబ్బు వేరే ఉందిగా. ఈమెకి నైకీ ఒప్పందం ఎలాగూ ఉంది. ఉండమనండి.

కృష్ణలంక_గార్డ్ · 10:51

లెక్కలు బాగానే వేస్తున్నారు. నాకో సందేహం. ఆడని ఏడాదిని 'మిగిలింది' అంటారేంటండీ? బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేశారా? పోయిన ఏడాది పోయినట్టే. ఇరవై ఏళ్ల వయసులో ఉండే కాలు ఇరవై రెండేళ్లకి ఉండదు. కాగితం మీద రెండు అని రాసుకుంటే కాలికి తెలుస్తుందా?

స్కోర్‌బోర్డు_శాస్త్రి · 10:58

ప్రశ్న అర్హత గురించి, కాలు గురించి కాదు.

కృష్ణలంక_గార్డ్ · 11:03

ఆడేది అర్హత కాదు, కాలు.

ఫ్రిస్కో_నాన్న · అక్టోబరు 5, ఉదయం 7:20

కృష్ణలంక గారూ, మీ మాట ఒప్పుకోను. ఆమె చేసిన పని తెలివైనది. మార్చిలో తెగింది, ఆపరేషన్ అయ్యాక తొమ్మిది నెలలు వేసుకున్నా ఏ జనవరికో దిగొచ్చు. కానీ సగం సీజన్ కోసం పూర్తి సీజన్ తగలేసుకోవడం ఎందుకు? కాలూ నిలబడుతుంది, సీజనూ నిలబడుతుంది. ఇది మా ఇంట్లో రోజూ జరిగే చర్చ. మా అమ్మాయి పదకొండో తరగతి, పాయింట్ గార్డ్. జులైలో క్లబ్ టోర్నమెంట్‌లో ఏసీఎల్ పోయింది. ఫిబ్రవరిలో ప్లేఆఫ్స్‌కి దిగుతానంటుంది, అప్పటికి ఏడు నెలలు. డాక్టరు తొమ్మిదంటున్నాడు. జుజు అంతటిదే ఆగింది, నువ్వెంత, నీ ఏడాది ఎక్కడికీ పోదు అని చెబుతున్నాను.

యూకాన్‌లో ఆడిన పేజ్ బెకర్స్‌ని చూడండి. 2022 ఆగస్టులో ఏసీఎల్, 2022–23 మొత్తం బయటే. తిరిగొచ్చి రెండేళ్లు ఆడి, ఈ ఏప్రిల్‌లో సౌత్ కరోలినా మీద 82–59తో ట్రోఫీ ఎత్తింది. డ్రాఫ్ట్‌లో నంబర్ వన్. ఈ వేసవిలో ఆర్లింగ్టన్‌లో ఆమె ఇప్పుడు ఆడే డల్లాస్ వింగ్స్ మ్యాచ్‌కి మా అమ్మాయిని తీసుకెళ్లాను, ఊతకర్రలతోనే వచ్చింది.

కృష్ణలంక_గార్డ్ · ఉదయం 8:05

బెకర్స్ ఉదాహరణ నాకే పనికొస్తుంది. ఆమెకీ ఇంకో ఏడాది 'మిగిలింది', కోవిడ్ ఏడాది ఆడినా ఎన్‌సీఏఏ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు కాబట్టి. వాడుకుందా? వదిలేసి వెళ్లిపోయింది. మీరు దాచిపెట్టిన ఏడాది అలాంటిది. అల్మరాలో పట్టుచీర.

శ్రీలత_ఎల్ఏ · 8:31

పట్టుచీర కట్టుకోకపోయినా ఉంటుంది కదండీ. అది లేక వెళ్లడం వేరు, ఉండి వద్దనుకోవడం వేరు. ట్రోఫీ చేతికొచ్చాక వెళ్లింది ఆమె.

డంకు_దాసు · 9:10

మగవాళ్లలో కైరీ ఇర్వింగ్ డ్యూక్ యూనివర్సిటీలో కాలి వేలు దెబ్బతో 11 మ్యాచ్‌లే ఆడాడు, 2011లో నంబర్ వన్‌గా పోయాడు. జుజు కూడా ఇప్పుడే పోవచ్చు.

స్కోర్‌బోర్డు_శాస్త్రి · 9:26

ఇప్పుడే పోవడం కుదరదు. మగవాళ్లకి పందొమ్మిదేళ్లు, హైస్కూల్ అయ్యాక ఒక ఏడాది చాలు. అమ్మాయిలకి డ్రాఫ్ట్ ఏడాదిలో 22 నిండాలి, లేదా డిగ్రీ అయిపోవాలి, లేదా హైస్కూల్ అయ్యి నాలుగేళ్లు గడవాలి. ఈమె పుట్టింది 2005 జులై 26. మామూలుగా చూస్తే 2027. అంటే ఇప్పుడు ఆడినా ఆడకపోయినా ఆ తలుపు తెరుచుకునేది అప్పుడే. కాబట్టి ఈ ఏడాది ఆగినందుకు ఆమెకి డబ్ల్యూఎన్‌బీఏ వైపు ఒక్క రోజు కూడా నష్టం లేదు. నా ఉద్దేశంలో ఈ నిర్ణయం వెనక అసలు లెక్క ఇదే. ఎవరూ మాట్లాడట్లేదు.

ఓరుగల్లు_పోరడు · 9:30

నాలుగు మ్యాచులు పక్కా ఉన్నయి, నేను చదివిన.

కృష్ణలంక_గార్డ్ · మధ్యాహ్నం 12:44

శాస్త్రి గారూ, మీరు ఎప్పుడైనా ఆడారా?

1998. నేను ఇంజినీరింగ్ రెండో ఏడాది. యూనివర్సిటీ జట్టులో గార్డ్‌ని. సిమెంటు కోర్టు మీద ప్రాక్టీసులో మోకాలు మెలిపడింది, టప్ మన్న చప్పుడు నాకే వినిపించింది. ఇంట్లో పుత్తూరు తీసుకెళ్లి కట్టు వేయిద్దామన్నారు. ఎముకైతే కట్టు, లిగమెంట్‌కి కట్టేం చేస్తుంది? నాలుగు నెలలు మంచం మీద ఉన్నాను. మా కోచ్ ఇంటికొచ్చి అన్నమాట, 'ఏం పర్లేదురా, వచ్చే ఏడాది నీ ప్లేసు నీకే'. అటెండెన్స్ 61 శాతం దగ్గర ఆగింది. 75 ఉండాలి, మెడికల్ సర్టిఫికెట్ పెడితే 65 దాకా కండోనేషన్ ఫీజు కట్టించుకుని వదిలేస్తారు. నాకు నాలుగు శాతం తక్కువ. జట్టు కోసం తిరిగిన రోజులు కలపమని అడిగితే ఆఫీసులో గుమాస్తా నవ్వాడు. డిటైన్ చేశారు. డిటైన్ అయినవాడు రోల్స్‌లో లేడు, రోల్స్‌లో లేనివాడికి జట్టు లేదు. నా ప్లేసులో మా జూనియర్ ఆడాడు. బాగానే ఆడాడు. మళ్లీ నేను దిగలేదు.

ఇక్కడ ఒకమ్మాయి కోసం గడువులూ దరఖాస్తులూ లాయర్లూ. ఉండనివ్వండి, నాకు కుళ్లే అనుకోండి.

బే_ఏరియా_బాలు · 1:15

సార్, బాధగా ఉంది. కానీ మీకు అన్యాయం జరిగిందని ఆమెకి న్యాయం జరగకూడదా?

ఫ్రిస్కో_నాన్న · 1:32

అదే నేనూ అనబోతున్నాను. మీ గుమాస్తా మీద కోపం ఆ పిల్ల మీద చూపిస్తున్నారు. మా అమ్మాయికి దేవుడి దయ వల్ల ఇక్కడ పద్ధతులున్నాయి. ఈ ఏడాది ఆగుతుంది, ఆ సీజన్ తర్వాత వాడుకుంటుంది. మీలా దానికి జరగదు.

స్కోర్‌బోర్డు_శాస్త్రి · 1:50

ఫ్రిస్కో గారూ, ఒక్క నిమిషం. మీ అమ్మాయి చదివేది టెక్సాస్ పబ్లిక్ స్కూల్లోనా?

ఫ్రిస్కో_నాన్న · 1:53

అవును. ఏం?

స్కోర్‌బోర్డు_శాస్త్రి · 1:59

అక్కడ హైస్కూల్ ఆటలు చూసేది యూఐఎల్. తొమ్మిదో తరగతిలో చేరిన రోజు నుంచి నాలుగేళ్లు, అంతే. రెడ్‌షర్ట్ లేదు. ఆగిన సీజన్ తిరిగి రాదు. పన్నెండో తరగతిలో ఒక సీజన్ ఉంటుంది, అది ఎలాగూ ఉండేదే. జుజు లెక్క మీ అమ్మాయికి పనికిరాదు.

ఆపడం తప్పని అనట్లేదు. మీరు చెప్పిన కారణం తప్పు.

కృష్ణలంక_గార్డ్ · 2:04

'నీ ఏడాది ఎక్కడికీ పోదు' అని చెప్పారా ఆ పిల్లకి?

ఫ్రిస్కో_నాన్న · 2:20

చెప్పాను. అయితే ఏమిటండీ? పదహారేళ్ల పిల్లకి ఏడు నెలలకే దిగితే మళ్లీ తెగుతుంది అని డాక్టరు చెబితే వినలేదు. జుజు పేరు చెబితే విన్నది. కన్నవాణ్ణి, నాకు తెలీదా ఎలా చెప్పాలో? కాలు పోతే మీరొచ్చి చూస్తారా? ముక్కూమొహం తెలియని మీ దగ్గర పెంపకం నేర్చుకునే ఖర్మ పట్టలేదు.

డంకు_దాసు · 2:22

పాప్‌కార్న్.

కృష్ణలంక_గార్డ్ · 2:41

నేను ఆపొద్దని ఎక్కడైనా అన్నానా? ఆపండి. ఇంకో రెండు నెలలు ఎక్కువే ఆపండి. నాకు ఇవాళ్టికీ మెట్లు దిగాలంటే ముందు ఎడమ కాలు పెట్టాలి, మీకన్నా నాకే ఎక్కువ తెలుసు.

'వచ్చే ఏడాది నీకే' అన్న మాట గురించి నేను మాట్లాడుతున్నాను. మా కోచ్ చెడ్డవాడు కాదు. నన్ను ఊరుకోబెట్టడానికి అన్నాడు. నేను ఆ మాట పట్టుకుని మంచం మీద నాలుగు నెలలు బంతి వేళ్ల మీద తిప్పుకుంటూ గడిపాను. పోయిందిరా, ఈ ఏడాది పోయింది, అటెండెన్స్ చూసుకో అని ఎవడైనా ఒక్కడు చెప్పుంటే కర్ర పట్టుకునైనా క్లాసుకి పోయేవాణ్ణి. నాలుగు శాతం! ఎంత? రెండు వారాలు కూడా కాదు.

జుజుకి నిజం చెప్పేవాళ్లు పదిమంది చుట్టూ ఉన్నారు. ఏం పోతుందో, ఏం మిగులుతుందో అంతా తెలిసి ఆగింది. మీ అమ్మాయికి ఏం పోతుందో మీరు చెప్పలేదు. మార్చిలో తనే తెలుసుకుంటుంది, వాళ్ల కోచ్ నోటి నుంచో, ఫోన్లోనో. అప్పుడు మీరు చెప్పిన తొమ్మిది నెలల మాట కూడా అబద్ధమే అనుకుంటుంది.

శ్రీలత_ఎల్ఏ · 3:10

నేను చారు కోసం మొదలుపెట్టిన థ్రెడ్ ఇది.

బే_ఏరియా_బాలు · 3:25

ఫ్రిస్కో గారు కావాలని చెప్పిన అబద్ధం కాదు కదా, ఆయనకీ తెలీదు. అయినా పదకొండో తరగతి సీజన్ పోతే కొంపలేం మునగవు, వేసవిలో క్లబ్ టోర్నమెంట్లకి కాలేజీ కోచ్‌లు వస్తారు. అసలు చూసేది అక్కడే.

కృష్ణలంక_గార్డ్ · 3:31

అది నిజం. అది చెప్పండి ఆ పిల్లకి. జుజు కన్నా బాగా పనిచేస్తుంది.

మోడరేటర్ · 4:00

పెంపకాల దగ్గరికి వెళ్లొద్దు. ఫ్రిస్కో_నాన్న, డంకు_దాసు, గమనించండి.

డంకు_దాసు · 4:02

నేనేం చేశాను??

ఫ్రిస్కో_నాన్న · రాత్రి 10:48

మధ్యాహ్నం కొంచెం ఎక్కువ మాట్లాడాను. మూడు వారాలుగా అది నాతో సరిగ్గా మాట్లాడట్లేదు, ఆ టెన్షన్‌లో ఉన్నాను.

ఇందాక భోజనాల దగ్గర చెప్పాను, ఈ సీజన్ తిరిగి రాదట అని. 'తెలుసు డాడీ' అంది. ఆగస్టులోనే చూసుకుందట. మరి నాకెందుకు చెప్పలేదే అంటే, నువ్వు అంత నమ్మకంగా చెబుతుంటే ఏమనాలో తెలీలేదు అంది. ఫిబ్రవరి సంగతి మాత్రం ఇంకా తేలలేదు, దిగుతాననే అంటోంది.

కృష్ణలంక గారూ, ఆ ఎడమ కాలు ముందు పెట్టే సంగతి, మెట్ల దగ్గర, దానికి చెప్పొచ్చా? మీ పేరు చెప్పను.

కృష్ణలంక_గార్డ్ · రాత్రి 11:05

చెప్పండి. దిగేటప్పుడే అని చెప్పండి, ఎక్కేటప్పుడు ఇబ్బంది లేదు.

ఓరుగల్లు_పోరడు · రాత్రి 11:30

చూసిన. ఫుట్‌బాలే.