నిజంగా ఆడిన గేముల నుంచి చెస్ పజిల్స్: లెవెల్ ఎలా తేల్చాలి?

అందరికీ నమస్తే. పద్మారావు నగర్‌లో మా అపార్ట్‌మెంట్ పిల్లలు పదిమందికి ఆదివారాలు చెస్ నేర్పిస్తున్నాను, కొందరు మొన్నే ఎత్తులు నేర్చుకున్నవాళ్లు, ఇద్దరు టోర్నమెంట్లు ఆడేవాళ్లు. పజిల్స్ నేనే తయారుచేస్తున్నా. 1858లో పారిస్ ఒపేరాలో అమెరికన్ చెస్ దిగ్గజం మోర్ఫీ ఆడిన గేమ్ చివర, మంత్రిని బి8 గడిలో బలిచ్చి ఏనుగుతో డి8లో మాట్ చేసే పొజిషన్ ఇస్తే ఆ ఇద్దరూ వెంటనే చెప్పేశారు, చిన్నవాళ్లు మాత్రం మంత్రిని వదులుకోవడమేంటని ఆ వైపే చూడలేదు. అందుకని వాళ్లకు గుర్రం మంత్రిని కొట్టేసిన తర్వాతి పొజిషన్ పెట్టా. టక్కున దొరికింది, ఆ మొహాలు చూడాలి!

అసలు ఇబ్బంది పిల్లల సొంత గేములతోనే. స్టాక్‌ఫిష్ అనే చెస్ ప్రోగ్రామ్‌లో పెడితే రెండు ఎత్తులూ గెలుస్తాయని చూపిస్తుంది, ఒక పాప రెండోది రాస్తే తప్పని ఎలా అంటాను? అలాంటివి తీసేయాలా, ఇంకో రెండు ఎత్తులు ముందుకెళ్లి మొదలుపెట్టాలా? చెక్కూ కొట్టుడూ లేని నెమ్మది ఎత్తు ఉన్నవాటిని మీరైతే ఎవరికి ఇస్తారు? లీచెస్ అనే చెస్ వెబ్‌సైట్‌లో అయితే ఎంతోమంది ప్రయత్నించాక పజిల్ రేటింగ్, అంటే అదెంత కష్టమో చెప్పే అంకె, తేలుతుంది, నా దగ్గరున్నది పదిమందే. పిల్లలకు నేర్పిన అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి ప్లీజ్.