రేవులో యంత్రాలొస్తే పరిహారం కూలీలకేనా, గేటు బయట దుకాణాలకూ ఇవ్వాలా?

రేవుగట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

2024 అక్టోబరు 1 నుంచి మూడు రోజుల పాటు అమెరికా తూర్పు తీరంలో, గల్ఫ్ తీరంలో రేవు కార్మికులు సమ్మె చేశారు. ఆరేళ్లలో 62 శాతం జీతం పెంచుతామన్నాక పనిలోకి వెళ్లారు. యంత్రాల సంగతి 2025 జనవరిలో తేలింది. అప్పట్లో దొరికిన వార్తలన్నీ చదివాను. రేవు గేటు బయట కొట్టు పెట్టుకుని బతికేవాళ్ల ఊసు ఒక్కదాంట్లోనూ కనబడలేదు.

నా వాదన సూటిగా చెప్తాను. యంత్రం వల్ల ఓడల కంపెనీకీ రేవుకీ మిగిలే సొమ్ములో ఆ కొట్లకూ వాటా ఉండాలి. కళాసీలు, ముఠా కూలీలు, ఓడ సిబ్బంది కొన్న కొనుగోళ్ల మీద నడిచిన భోజనశాలలు, మంగలి కొట్లు, తాళ్లు, టార్పాలిన్ల వ్యాపారాలు ఏ తప్పూ చేయకుండానే మూతపడ్డాయి. ఒప్పుకోనివాళ్లు చెప్పండి.

తూకంరాయి

నేను ఒప్పుకోను. మొదట లెక్క చూద్దాం. 1956 ఏప్రిల్ 26న అమెరికా లారీల వ్యాపారి మాల్కమ్ మెక్‌లీన్ 'ఐడియల్ ఎక్స్' అనే ఓడ మీద 58 పెట్టెలు (అదే, కంటైనర్లు) నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కి పంపాడు. బస్తాలు, మోపులుగా విడి సరుకు ఎక్కించడానికి టన్నుకు 5.86 డాలర్లయ్యే ఖర్చు పెట్టెలతో 16 సెంట్ల లోపుకి దిగిందని అతని మనుషులు లెక్కగట్టారు. ఆ మిగులు రేవు యజమాని జేబులోనే ఉండిపోలేదు. సరుకు కొనే ప్రతివాడికీ కొంత చేరింది. ఇప్పుడు వాటా అడగాలంటే ఎవరి దగ్గర అడుగుతారు?

ఇంకోటి. ఊళ్లో బస్టాండు మారితే పాత బస్టాండు దగ్గరి కొట్లకు ఎవరైనా పరిహారం ఇస్తున్నారా? దుకాణం తెరిచినవాడు లాభనష్టాలకు సిద్ధపడే తెరిచాడు. కూలీ సంగతి వేరు, అతని దగ్గర ఒళ్లు తప్ప పెట్టుబడి లేదు.

గోదాము గుమస్తా

తూకంరాయి గారూ, బస్టాండు పోలిక అతకదు. బస్టాండు మారితే జనం ఇంకోచోట దిగుతారు, కొట్టూ అక్కడికి వెళ్తుంది. రేవులో జరిగింది అది కాదు. దిగే మనిషే లేకుండా పోయాడు.

ఓడలకు సరుకులందించే దుకాణంలో చాలాకాలం పద్దులు రాశాను కాబట్టి చెప్తున్నా. విడి సరుకు రోజుల్లో ఓడ వస్తే ఐదు, ఆరు రోజులు, ఒక్కోసారి అంతకు మించి గట్టు పట్టుకుని ఉండేది. బస్తా బస్తాగా దింపాలి, మోపు మోపుగా ఎక్కించాలి. సాయంత్రమయ్యేసరికి సిబ్బంది బయటికొచ్చేవాళ్లు. బూట్లు కుట్టించుకునేవాళ్లు, ఉత్తరాలు వేసేవాళ్లు, తాగేవాళ్లు (ఎక్కువగా తాగేవాళ్లే లెండి). ఇప్పుడు పెట్టెల ఓడ పొద్దున గట్టు పట్టి మర్నాటికి లంగరు ఎత్తేస్తుంది. వేల పెట్టెలు మోసే ఓడ మీద మనుషులు ఇరవై, పాతికమంది. అందులో పని లేకుండా ఉండేది ఎందరు?

దాని మీద 2004 జులై 1 నుంచి ఓడలకూ రేవులకూ అంతర్జాతీయ భద్రతా నియమావళి అమల్లోకి వచ్చింది. కంచె, పాసు, తనిఖీ. మా దుకాణం కుర్రాడు ఓడ మెట్ల దాకా వెళ్లి ఆర్డరు రాసుకొచ్చే రోజులు పోయాయి. ఆర్డరు ఈమెయిల్లో ఏజెంటుకు వస్తుంది, ఏజెంటు తనకు నచ్చిన పెద్ద సరఫరాదారుకు పంపుతాడు. మా యజమాని లాభనష్టాలకు సిద్ధపడ్డమాట నిజమే. కంచెకు సిద్ధపడలేదు.

పాత జెండా

ఇద్దరూ ఒక సంగతి వదిలేస్తున్నారు. కూలీలకైనా అందరికీ ముట్టిందా?

1960లో అమెరికా పశ్చిమ తీరంలో హ్యారీ బ్రిడ్జెస్ నాయకత్వంలోని యూనియన్ యంత్రాలకు తలుపు తెరిచి, బదులుగా ఐదున్నరేళ్లకు 2.9 కోట్ల డాలర్ల నిధి రాయించుకుంది. పని తగ్గినా ఆదాయం పడిపోకుండా, ముందే రిటైరయ్యేవాళ్లకు ఇంత సొమ్మని. చాలా గొప్ప ఒప్పందమని మేం యూనియన్ తరగతుల్లో చెప్పుకునేవాళ్లం. అయితే అది పూర్తి రిజిస్టరులో ఉన్నవాళ్లకే. అదే గట్టు మీద అదే బరువు మోసిన 'బి' జాబితా వాళ్లకు ఆ నిధిలో హక్కు లేదు. బ్రిటన్‌లో 1947 నుంచి 1989 దాకా నడిచిన రేవు కూలీల పథకమూ రిజిస్టరు మీదే నడిచింది. మన దేశంలో 1948 చట్టం కింద వచ్చిన డాక్ లేబర్ బోర్డులూ అంతే.

కాబట్టి గేటు లోపలా, గేటు బయటా అని గీత గీయకండి. పుస్తకంలో పేరున్నవాడికి అందింది, లేనివాడికి అందలేదు. ఒకరి బదులు పనికొచ్చే బదిలీ కూలీ, గోనెసంచులు కుట్టే మనిషి, కొట్టువాడు ముగ్గురూ ఆ గీతకు ఒకే వైపు ఉన్నారు.

తూకంరాయి

జెండా గారు చెప్పింది బాగుంది. మరి కూలీల రక్షణే చిన్న వ్యాపారి నెత్తిన పడ్డ సందర్భం గురించి ఏమంటారు? న్యూయార్క్ వైపు యూనియన్ '50 మైళ్ల నిబంధన' తెచ్చింది. నలుగురైదుగురి సరుకు కలిపి పెట్టె నింపే పనిని రేవుకు 50 మైళ్ల లోపల బయటి గోదాముల్లో చేయకూడదు, రేవులో మా మనుషులే చేయాలి అని. దెబ్బతిన్నది ఎవరు? పెద్ద కంపెనీలు కావు, వాళ్లకు పెట్టె నిండా సొంత సరుకే ఉంటుంది. చిన్న చిన్న సరుకులు కలిపి పంపే గోదాములవాళ్లు, లారీలవాళ్లు. కార్మిక చట్టం ప్రకారం అందులో తప్పులేదని 1985లో అమెరికా సుప్రీంకోర్టు అంది. తర్వాత అక్కడి సముద్ర రవాణా నియంత్రణ సంస్థ దాన్ని కొట్టేసింది. మీరిద్దరూ ఒకే వైపు అనుకుంటున్న కూలీ, కొట్టువాడు అక్కడ ఎదురెదురుగా నిలబడ్డారు.

పాత జెండా

నిలబడ్డారు, కాదనను. 1972 జులైలో లండన్‌లో డిపోల ముందు అడ్డంగా నిలబడినందుకు ఐదుగురు రేవు కూలీలను జైల్లో పెట్టారు, పెద్ద గొడవై కొద్దిరోజుల్లోనే వదిలేశారు. వాళ్ల గోడు కూడా ఇదే, పెట్టె నింపే పని రేవు దాటి లోపలి డిపోలకు పోతోందని. ఆ డిపోలో పెట్టె నింపేవాడూ కూలీయే, కాకపోతే తక్కువ కూలికి. ఆ రోజుల్లో ఈ మాట మా మీటింగులో అంటే ద్రోహి అనేవారు.

కొత్తగా చేరాను

నాది చిన్న ఎగుమతి వ్యాపారం. మీరంతా పోయినదాని గురించే మాట్లాడుతున్నారు. నా సరుకు సగం పెట్టె కూడా నిండదు. పదిమంది సరుకుతో కలిపి పంపుతాను. ఆ ఏర్పాటు లేకపోతే నేను పరదేశంలో అమ్మగలిగేదాన్నే కాదు. విడి సరుకు రోజుల్లో దారిలో ఎంత పోయేదో, ఎంత తడిసేదో పెద్దవాళ్లు చెప్తే విన్నాను. నాలాంటివాళ్లం రేవుకు వందల కిలోమీటర్ల దూరంలో ఉంటాం. మేమూ చిన్న వ్యాపారులమే కదా, మమ్మల్ని ఏ పద్దులో వేస్తారు?

రేవుగట్టు

అమ్మా, మంచి ప్రశ్న. మీకు వచ్చిన లాభం నిజం. అయితే లాభం దేశమంతా పలచగా పరుచుకుంది, నష్టం నాలుగు వీధుల మీద దబ్బున పడింది. అందుకే లాభపడ్డవాళ్లు కనబడరు, నష్టపోయినవాళ్లు కనబడతారు.

ఎవరి దగ్గర అడగాలి అన్న తూకంరాయి గారి ప్రశ్న రాత్రంతా బుర్ర తినేసింది. సరుకు ఖర్చులో మిగిలినదాన్ని పట్టుకోలేం, ఒప్పుకుంటున్నాను. కానీ పట్టుకోగలిగింది ఒకటుంది, నేల. పెట్టెలకు ఇరుకు గట్టు పనికిరాదు. పక్కనే విశాలమైన ఖాళీ జాగా, లోతు నీళ్లు కావాలి. అందుకే శాన్ ఫ్రాన్సిస్కో వ్యాపారం ఓక్లండ్‌కు, మన్‌హట్టన్‌ది న్యూజెర్సీకి, లండన్‌ది టిల్బరీకి, ఫెలిక్స్‌టోకి పోయింది. పాత గట్లు ఖాళీ అయ్యాయి. లండన్‌లో 1967లో ఈస్ట్ ఇండియా డాక్‌తో మొదలై 1981లో రాయల్ డాక్స్‌తో మూతలు పూర్తయ్యాయి. సరిగ్గా ఆ 1981లోనే ఆ పాత రేవుల ప్రాంతానికి డాక్‌ల్యాండ్స్ అభివృద్ధి సంస్థ వచ్చింది. ఆ నేల మీదే ఇప్పుడు కెనరీ వార్ఫ్ బ్యాంకుల భవనాలున్నాయి. నేల విలువ పెరిగింది, ఆ పెరుగుదల కాగితాల మీద స్పష్టంగా ఉంటుంది. అందులోంచి ఇవ్వమంటున్నాను.

తూకంరాయి

నేల మాటైతే సగం ఒప్పుకుంటాను. ఊరు కట్టిన గట్టు, ఊరి పన్నుల్తో వేసిన రోడ్డు, దాని విలువ పెరిగితే ఊరికి వాటా అడగడం సబబే. కానీ నగదు పంచితే మొదటిరోజే దొంగ కొట్లు పుట్టుకొస్తాయి. కొత్త కట్టడాల్లో పాతవాళ్లకు తక్కువ అద్దెకు గదులివ్వండి. అదైనా ఎవరు పాతవాళ్లో తేల్చాలి, మళ్లీ జెండా గారి రిజిస్టరు దగ్గరికే వస్తాం.

గోదాము గుమస్తా

రిజిస్టరంటే నాకు నవ్వొచ్చింది. మా దుకాణం మూసేనాడు యజమాని పాత పద్దు పుస్తకాలు చిత్తుకాగితాలకు వేసేయమన్నాడు. నేను కొన్ని ఇంటికి తెచ్చుకున్నాను. ఓడ పేరు, వచ్చిన తేదీ, ఇచ్చిన సరుకు, కింద ఓడ స్టూవర్డు సంతకం. మేం ఎవరి దగ్గర సరుకు తెచ్చామో అదీ ఉంది: తాళ్లు పేనేవాళ్లు, కూరగాయలు తెచ్చే ముసలామె, సబ్బులు చేసేవాళ్లు. ఆమె పేరు పక్కన వేలిముద్ర కూడా ఉంది.

తూకంరాయి గారూ, ఇలాంటి పుస్తకం తెచ్చి చూపిస్తే మీ లెక్కలో ఆమె పాతవాళ్ల కింద వస్తుందా, రాదా?