తోటి అధ్యాపకుల క్లాసులు చూసే పద్ధతి మీ కాలేజీలో ఎలా నిలబడింది?

కర్నూలులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో అధ్యాపకుల శిక్షణ పనులు చూస్తున్నాను. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమే. మా దగ్గరికి ఆదోని, ఆలూరు, పత్తికొండ వైపు నుంచి తెలుగు మీడియం పిల్లలు చాలామంది వస్తారు. "అర్థమైందా?" అంటే క్లాసంతా "అయింది సార్" అంటుంది. చీటీ ఇచ్చి, ఈరోజు తెలుసుకున్నది ఒక్క వాక్యం రాయమంటే చాలా చీటీలు తెల్లగానే తిరిగొస్తాయి.

బయటి నిపుణులతో ఒకరోజు వర్క్‌షాపులు పెట్టించాం. ఆ వారం ఉత్సాహం ఉంటుంది, తర్వాత మళ్లీ నోట్సు చెప్పడమే. కొందరిని ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీలు, ఐఐఎస్సీ నడిపే ఆన్‌లైన్ పాఠాల వేదిక) 8 వారాల కోర్సుల్లో చేర్పించాం. సబ్జెక్టు మెరుగుపడింది, అది మంచిదే. చెప్పే తీరు మాత్రం మారలేదు.

చివరికి ఒకరి క్లాసులో ఒకరు వెనక బెంచీలో కూర్చుని చూసే పద్ధతి మొదలుపెట్టాం. 50 నిమిషాల పీరియడ్, చూసినవారు నింపాల్సిన ఒక పేజీ ఫారం. ఆ ఫారం ప్రిన్సిపాల్ గారి ఫైలుకు వెళ్తుంది కాబట్టి అందరికీ టెన్షన్. చూపించడానికే ఒక పాఠం సిద్ధం చేసుకుంటున్నారు, ఫారంలో అన్నీ "బాగుంది" అనే వస్తున్నాయి. ఫారం వద్దంటే, న్యాక్‌కు (కాలేజీల నాణ్యతను మదింపు చేసే జాతీయ సంస్థ) ఆధారం కావాలి కదా అంటోంది యాజమాన్యం. ఏటేటా రెన్యువల్ అయ్యే కాంట్రాక్టు లెక్చరర్ల భయం నాకు పూర్తిగా అర్థమవుతుంది.

మీ కాలేజీలో ఇది నిజంగా నడుస్తుంటే, చూసినవారి అభిప్రాయం ఆ ఇద్దరి మధ్యే ఉండేలా చేస్తూనే న్యాక్‌కు ఏ రికార్డు చూపిస్తున్నారు?