720 చూపించాకే పోస్తున్నా పోతలో చిల్లులు: థర్మోకపుల్ సందేహం

ప్రశ్న (ఇచ్ఛాపురం)
మాస్టార్లకు నమస్కారం. ఇంటి దగ్గర చిన్న గ్యాస్ కొలిమి, గ్రాఫైట్ మూస (లోహం కరిగించే పాత్ర). ఒకసారికి కిలోన్నర అల్యూమినియం కరుగుతుంది. వేడి కొలవడానికి 6 మి.మీ. స్టీలు తొడుగున్న కె టైపు థర్మోకపుల్ (రెండు వేర్వేరు లోహాల తీగలు చివర కలిపిన సాధనం) వాడుతున్నాను. మీటరు గోడకు ఉంది, అందుకని మధ్యలో మూడు మీటర్లు మామూలు రాగి వైరు కలిపాను. ఐసు నీళ్లలో 0, మరిగే నీళ్లలో 100 సరిగ్గానే చూపించింది. 720 డిగ్రీలు వచ్చాక పోస్తున్నాను. అయినా కోసి చూస్తే లోపలంతా ఆవగింజలంత చిల్లులు. తొడుగు చివర కూడా గుంటలు పడుతోంది. దీంతోనే బుడితి తరహా చిన్న ఇత్తడి గంటలు పోయవచ్చా?

జవాబు (పర్లాకిమిడి)
బాబూ, తేడా ఆ రాగి వైరు దగ్గరే ఉంది. థర్మోకపుల్ నేరుగా వేడిని చెప్పదు. వేడి చివరకీ చల్లటి చివరకీ ఉన్న తేడాను బట్టి డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులు ఇస్తుంది. మీటరు తన టెర్మినళ్ల దగ్గరి వేడిని కొలుచుకుని దానికి కలుపుతుంది. మీరు రాగి వైరు వేయడంతో చల్లటి చివర మీటరును వదిలి కొలిమి పక్కనున్న అతుకు దగ్గరికి వచ్చేసింది. అతుకు 75 డిగ్రీలు, మీటరు 33 అయితే 42 తక్కువ చూపిస్తుంది. ఐసు, మరిగే నీళ్ల పరీక్షలో ఇది బయటపడదు, అప్పుడు అతుకు వేడెక్కి ఉండదు కదా.

అంటే 720 అనుకుని మీరు 760 దాటినది పోస్తున్నారు. అల్యూమినియం ఎంత వేడెక్కితే అంత హైడ్రోజన్ పీల్చుకుని, గడ్డకట్టేటప్పుడు వదిలేస్తుంది. మీ చిల్లులు అవే అయ్యుండాలి. గ్యాస్ మంటలోని నీటి ఆవిరి, మన సముద్రపు గాలి తేమ దానికి తోడు.

ఖాయం చేసుకోవాలంటే ఉక్కు లేని అల్యూమినియం కరెంటు తీగ ముక్కలు కరిగించి, మంట ఆపి, అంకె దిగడం చూడండి. గడ్డకడుతున్నంతసేపూ అంకె ఒకచోట నిలబడుతుంది. అది 660 దగ్గర ఉండాలి. పిస్టన్ల తుక్కుతో మాత్రం చేయకండి, అందులో సిలికాన్ ఉంటుంది, చాలా కిందికి దిగాక గానీ పూర్తిగా గడ్డకట్టదు.

ప్రశ్న అడిగినవారు
చేశాను మాస్టారూ. 652, 640, 629 అలా దిగుతూ వచ్చి 618 దగ్గర మూడు నిమిషాలు కదల్లేదు.

జవాబు (పర్లాకిమిడి)
అదిగో, సరిగ్గా 42. అలాగని ప్రతిసారీ 42 కలుపుకుని పోయకండి, అతుకు వేడి రోజురోజుకీ మారుతుంది. రాగి వైరు తీసేసి, థర్మోకపుల్ తీగలకు సరిపోయే కె టైపు ఎక్స్‌టెన్షన్ వైరే వేయండి, అతుక్కి కూడా కె టైపు ప్లగ్గే వాడండి. వైరు రంగుల్ని నమ్మొద్దు. ఒక పద్ధతిలో పచ్చ ప్లస్, తెలుపు మైనస్. అమెరికా పద్ధతిలో పసుపు ప్లస్, ఎరుపు మైనస్. ఎరుపంటే ప్లస్ అని మన చేతికి అలవాటు, అక్కడే బోల్తా పడతారు. తీగ చివర ఒలిచి అయస్కాంతం పెట్టండి. కె టైపులో ఒక తీగ క్రోమెల్, రెండోది అల్యూమెల్, రెండూ నికెల్ మిశ్రమాలే. అంటుకున్నది అల్యూమెల్, అది మైనస్. అతుకు దగ్గరో మీటరు దగ్గరో ఒకచోట తిరగేస్తే కొలిమి వేడెక్కేకొద్దీ అంకె పెరగకుండా కిందికి దిగుతుంది, తప్పు వెంటనే తెలిసిపోతుంది. రెండు చోట్లా తిరగేస్తే మాత్రం తెలియదు. అప్పుడు అంకె పెరుగుతూనే ఉంటుంది, తప్పు మాత్రం రాగి వైరుకి దాదాపు రెట్టింపు.

జవాబు (టెక్కలి)
తొడుగు సంగతి నేను చెప్తాను. కరిగిన అల్యూమినియం ఉక్కును తినేస్తుంది. ఆ ఇనుము పోతలో కలిసి వస్తువు పెళుసవుతుంది. తొడుగుకు బోరాన్ నైట్రైడ్ పూత రెండుసార్లు వేసి, బాగా ఆరనిచ్చి వాడండి. ప్రోబ్‌ను (తొడుగుతో ఉన్న థర్మోకపుల్‌ను) మూసలోనే వదిలేయడం మంచిది కాదు. పోసే ముందు తెట్టు పక్కకు తోసి, మంట తగ్గించి, 6 సెం.మీ. లోతున ముంచండి, చివర అడుగుకు తగలకూడదు. తొడుగు మందానికి పది రెట్లు మునగకపోతే వేడి తొడుగు వెంబడి పైకి పోయి తక్కువ చూపిస్తుంది. అంకె నిలబడేదాకా ఒక నిమిషం ఓపిక పట్టి, తీసేయండి. ముంచే ముందు కొలిమి నోటి దగ్గర ఐదు నిమిషాలు కాచి తీరాలి. మన తీరంలో రాత్రంతా బయట ఉన్న ఇనుము చెమ్మపడుతుంది. ఆ చెమ్మతో ముంచితే లోహం మొహం మీదికి చిందుతుంది. ముఖానికి షీల్డు, తోలు చేతి తొడుగులు లేకుండా మూస దగ్గరికి వెళ్లొద్దు.

జవాబు (పర్లాకిమిడి)
మూసలో వదలకూడదన్నది స్టీలుకు నిజమే. కరిగిన అల్యూమినియాన్ని తట్టుకునే సిరామిక్ గొట్టం అయితే కరుగు మొదలైనప్పటి నుంచీ ఉంచవచ్చు. చల్లటి గొట్టాన్ని ఒక్కసారిగా దించితే మాత్రం నిలువునా చిట్లవచ్చు.

ఇత్తడికి ముందు మీటరు చూడండి. లోపల థర్మోకపుల్ వోల్టేజీని డిగ్రీలుగా మార్చే చిప్పు మ్యాక్స్ 6675 మాడ్యూల్ అయితే 1023 దగ్గర ఆగిపోతుంది. 60/40 ఇత్తడి (60 పాళ్లు రాగి, 40 పాళ్లు జింకు) 900 దగ్గర కరుగుతుంది, 1000 పైన పోయాలి, కాబట్టి అది చాలదు. మ్యాక్స్ 31855 రకం తీసుకోండి. జింకు 907 దగ్గరే మరుగుతుంది, అందుకే ఇత్తడి కరిగించేటప్పుడు తెల్లటి పొగ వస్తుంది. మూస మీద బొగ్గు ముక్కలు కప్పండి, పొగ పీల్చకండి, జ్వరం వస్తుంది.

ఒకటి మర్చిపోయాను. 815 నుంచి 1040 వరకూ, ఆక్సిజన్ తక్కువున్న చోట క్రోమెల్ తీగలోని క్రోమియం పచ్చగా తుప్పుపడుతుంది, రీడింగు తగ్గిపోతుంది. స్టీలు తొడుగు బదులు గ్రాఫైట్ గొట్టంలో తీగను నేరుగా పెడితే ఇది త్వరగా జరుగుతుంది, లోపల ములైట్ (వేడిని తట్టుకునే సిరామిక్) గొట్టం ఉండాలి. నాలుగైదు పోతలకోసారి తీగలు చల్లారాక అయస్కాంతం పెట్టండి. రెండూ అంటుకుంటే ఆ థర్మోకపుల్ పక్కన పడేయండి.