గబ్బిలాల గుహలో వేటాడుతూ, చచ్చినవీ తినే జంతువు: తిండి లెక్క కుదరడం లేదు

చీకటిబిలం:
స్పెక్యులేటివ్ ఎవల్యూషన్ (పరిణామ సూత్రాలకు లోబడి ఊహా జంతువులను అల్లడం) కోసం ఒక జంతువును కల్పిస్తున్నాను. పేరు గుడ్డినక్క. నక్క సంతతి, 40 కిలోల బరువు, కళ్ళు లేవు, చర్మం తెలుపు, ప్రతిధ్వని విని వేటాడుతుంది. నంద్యాల వైపు సున్నపురాతి గుహ, అందులో లక్ష గబ్బిలాలు, అడుగున ఏరు. రాలిపడ్డ గబ్బిలాలను తింటుంది, చిక్కితే బతికున్నవాటినీ పడుతుంది. ఒక గుహలో ఇలాంటివి ఎన్ని బతకగలవు?

తూకంరాళ్ళు:
ఒక్కటి కూడా బతకదండీ. క్షీరదం బరువును కిలోల్లో తీసుకుని 0.75 ఘాతానికి హెచ్చించి 70తో గుణిస్తే, ఊరికే పడుకున్నా రోజుకు ఎన్ని కిలో కేలరీలు కావాలో వస్తుంది. 40 కిలోలకు దాదాపు 1,100. తిరుగుతూ వేటాడాలంటే మూడింతలు, అంటే 3,300. పది గ్రాముల గబ్బిలంలో మహా అయితే 15 కిలో కేలరీలు ఉంటాయి. రోజుకు 220 గబ్బిలాలు, ఏడాదికి 80 వేలు! మీ లక్షా ఒక్క జంతువుకే సరిపోవు.

నక్కను వదిలేసి ఉడుమును తీసుకోండి. సరీసృపానికి అదే బరువున్న క్షీరదం ఖర్చులో పదోవంతు చాలు. 400 గ్రాముల పొట్టి ఉడుముకు విశ్రాంతిలో 3.5, తిరిగితే 7 కిలో కేలరీలు. రెండు రోజులకు ఒక గబ్బిలం. 200 ఉడుములకు రోజుకు వంద గబ్బిలాలు కావాలి. గుంపులో ఏడాదికి మూడోవంతు చస్తాయనుకుంటే రోజుకు 90 దాకా రాలతాయి, పిల్లలు పుట్టే నెలల్లో ఇంకా ఎక్కువ. అప్పుడు మిగిలింది పొట్టలోని కొవ్వు తిత్తుల్లో దాచుకుంటుంది.

గుహ ఎక్కడుందో మీరు చెప్పడం మంచిదైంది. గుహ లోపలి వేడి దాదాపు ఆ ప్రాంతపు ఏడాది సగటుతో సమానం. యూరప్‌లో పది డిగ్రీల గుహల్లో ఓల్మ్ (చీకటి గుహల నీళ్ళలో బతికే గుడ్డి జీవి) లాంటి ఉభయచరాలే నెగ్గుకొస్తాయి. రాయలసీమ సున్నపురాయిలో 27, 28 డిగ్రీలుంటే ఉడుముకు ఇబ్బంది లేదు.

రెట్టగుట్ట:
ఆ 90 మొత్తం ఉడుముకే దక్కుతాయనుకోకండి. పెద్ద గబ్బిలాల గుహల్లో రెట్ట మీద తోలుపురుగుల గుంపులు ఉంటాయి. నేలన పడ్డ పిల్ల గబ్బిలాన్ని అవి చూస్తుండగానే ఎముకలు చేసేస్తాయి. కాబట్టి మీ జంతువు కింద పడ్డవి ఏరుకుంటూ కూర్చుంటే పస్తే. గోడెక్కి, తక్కువ ఎత్తులో వేలాడేవాటిని పట్టాలి. వెనిజులాలో ఒక గుహలో పెద్ద జెర్రి కప్పుకు వెనక కాళ్ళతో వేలాడి గబ్బిలాలను పట్టడం గురించి 2005లో ప్రచురించారు. ఆ పద్ధతి ఉడుము గోళ్ళకు బాగా కుదురుతుంది. ముందరి గోళ్ళు పొడవుగా, వంపుగా పెట్టండి.

ప్రతిధ్వని మాత్రం తీసేయండి. ఉడుము బుస కొడుతుందే గానీ పదునైన క్లిక్‌లు చేయలేదు. దాని అసలు బలం చీలిన నాలుక, అంగిట్లోని వాసన పసిగట్టే అవయవం. చీకట్లో అవే పెరుగుతాయి.

చీకటిబిలం:
ఉడుము ఖాయం. కళ్ళు లేకపోవడం, తెలుపు మాత్రం వదులుకోవడానికి మనసు ఒప్పడం లేదు. 20 లక్షల ఏళ్ళ సమయం పెట్టుకున్నాను.

పుట్టమన్ను:
సమయం చాలు. తేల్చాల్సింది గుడ్ల సంగతి. మన ఉడుములు చెదల పుట్టల్లో గుడ్లు పెడతాయి, ఎందుకంటే అక్కడి వేడీ తేమా నిలకడగా ఉంటాయి. తడి రెట్టలో పెడితే అమ్మోనియా, బూజు గుడ్లను చంపేస్తాయి. ఏటి ఒడ్డున పెడితే వానాకాలంలో కొట్టుకుపోతాయి.

గాబోన్‌లోని అబాండా గుహల్లో మరుగుజ్జు మొసళ్ళు ఉన్నాయి. గబ్బిలాలను, కీచురాళ్ళను తింటాయి. రెట్ట కలిసిన నీళ్ళలో మునిగి కొన్నిటి చర్మం నారింజ రంగుకు తిరిగింది. గూటికి మాత్రం బయటికి వెళ్ళాల్సిందే అని పరిశోధకుల అంచనా. మీ ఉడుము కూడా ఏటా రాత్రిపూట బయటి పుట్టకు వెళ్తే, కళ్ళు చిన్నవవుతాయి గానీ పూర్తిగా పోవు. గుడ్డిది కావాలంటే గుడ్లు లోపలే పొదగాలి: వరద గీతకు పైన, రెట్టకు దూరంగా, పొడి బంకమట్టి గట్టు. పటంలో ఆ గట్టును ముందు గీయండి. 200 ఉడుముల్లో సగం ఆడవి, అందరికీ అందులో చోటు సరిపోవాలి.

తెలుపు సులువే. ఎండ లేని చోట రంగు పోగొట్టే మార్పును ఏరిపారేసేది ఏదీ ఉండదు. నేను మాత్రం నారింజ పొడ ఉంచుతాను, ఆ రెట్ట నీళ్ళు మీ ఏట్లోనూ ఉన్నాయిగా.